రెండో వైపు మూడో పాట

మా అక్కకి తాళం లేదని తేల్చి చెప్పిన పెద్దమనిషి ఇప్పుడు బతికున్నాడో లేదో నాకు తెలియదు. చాలా ఏళ్ళు ఆయన్ని మనసులో తిట్టుకున్నాను. తిట్టుకున్నప్పుడల్లా కాస్త హాయిగా కూడా ఉండేది. కాని తప్పు ఆయనది కాదు. ఎవరిదో నాకు మర్నాడు పొద్దున్నే తెలిసిపోయింది. తెలిసి కూడా నలభై ఏళ్ళు నోరు మూసుకుని కూర్చున్నాను. ఆ సంగతే ఇప్పుడు చెబుతున్నాను. మధ్యలో నన్ను తిట్టాలనిపిస్తే తిట్టుకోండి, నేనేమీ అనుకోను.

అక్క నాకన్నా ఐదేళ్ళు పెద్దది. అమ్మ పోయేనాటికి తనకి పధ్నాలుగు, నాకు తొమ్మిది. నాన్న లారీ డ్రైవరు. నెలలో నాలుగు రోజులు ఇంట్లో కనబడితే గొప్ప. ఆ నాలుగు రోజులూ నిద్రపోయేవాడు. అందుకని నాకు అన్నం పెట్టిందీ, పేలు దువ్విందీ, వీపు మీద వాతలు తేల్చిందీ అన్నీ అక్కే. బడి మానేసి ప్రింటింగు ప్రెస్సులో బైండింగు పనికి చేరింది. అచ్చయి వచ్చిన పెద్ద కాగితాన్ని అక్కడ ఫారం అంటారు. దాన్ని మూడు మడతలు వేస్తే పదహారు పేజీలవుతుంది. మడత మీద నున్నటి ఎముక బద్దతో ఒక్క గీత గియ్యాలి. రెండుసార్లు గీస్తే కాగితం మెరుగెక్కుతుంది, మేస్త్రీ అరుస్తాడు. పొడుగాటి బల్ల చుట్టూ ఎనిమిది మంది ఆడవాళ్ళు పొద్దుటినుంచి సాయంత్రందాకా నిలబడి అదే పని చేసేవాళ్ళు.

ఆ బల్ల దగ్గర అక్క పాడేది. ఎవరో అడిగితే కాదు, చెయ్యి కదిలితే చాలు, గొంతు దానంతటదే లేచేది. మిగతా ఏడుగురి చేతులూ ఆ పాట వెంటే నడిచేవి. మేస్త్రీ ఏనాడూ మెచ్చుకున్న పాపాన పోలేదు. కాని అక్కకి జ్వరమొచ్చి ఒకరోజు మానేస్తే, ఏమ్మా పాటలమ్మ రాలేదా, అయితే ఇవాళ పని అయినట్టే అని మూలిగాడట. ఆ మాట విని అక్క వారం రోజులు మురిసిపోయింది.

నేను చదువు అబ్బక టేపు రికార్డర్లు బాగుచేసే దుకాణంలో చేరాను. పద్దెనిమిదేళ్ళకే నాకు పని వచ్చేసిందని నా నమ్మకం. ఎంత వచ్చో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. పారేసిన సామాన్లలోంచి ఒక దాని డబ్బా, ఇంకోదాని మోటారు, మరోదాని స్పీకరు ఏరుకొచ్చి ఒక టేపు రికార్డరు తయారుచేశాను. నా చేతుల మీదుగా పుట్టిన మొదటి పెట్టె అది. తీసుకెళ్ళి అక్క చేతుల్లో పెట్టాను. అక్క దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది.

పెట్టె ఉంది గాని పెట్టడానికి క్యాసెట్టు లేదు. మా వీధి చివర క్యాసెట్ల కొట్టువాడు ఒకటి తీసి నా మీదకి విసిరాడు. వారం తిరక్కుండా పోయిన సినిమా అది. దాని పాటలు విన్నవాడు లేడు, అడిగినవాడూ లేడు, నువ్వైనా విను అన్నాడు. అట్ట మీద హీరోయిన్ సగం ముఖం ఎండకి వెలిసిపోయి ఉంది. రెండు వైపులా కలిపి ఆరు పాటలు. ఆ సినిమా మేమెప్పుడూ చూడలేదు. రేడియోలో కూడా ఆ పాటలు వేసిన గుర్తు లేదు. పాటల్ని బట్టి కథ మేమే అల్లుకున్నాం. చివర్లో ఆ పిల్ల చచ్చిపోతుందని నేను, లేదు వేరే ఊరు వెళ్ళిపోయి హాయిగా ఉంటుందని అక్క. ఈ తగాదా మా మధ్య ఇప్పటికీ తెగలేదు.

అన్నిట్లోకీ అక్కకి ప్రాణం రెండో వైపు మూడో పాట. ముందు వేణువు ఒక్కటే వస్తుంది. తర్వాత డోలకు మెల్లగా అందుకుంటుంది. ఆ పైన ఆడగొంతు. మధ్యలో ఇంకెవరూ పాడరు. అప్పుడే ఏడుపు ఆపుకుని వచ్చి పాడుతున్నట్టు ఉంటుంది ఆ గొంతు, నిండుగా, బరువుగా. ఆ ఒక్క పాట కోసం క్యాసెట్టుని ముందుకీ వెనక్కీ తిప్పితే పెట్టె అరిగిపోతుందని, చక్రంలో పెన్సిలు దూర్చి చేత్తో తిప్పేది. తిప్పుతూ తిప్పుతూనే పాట మొదలుపెట్టేసేది. ఆ రోజుల్లో ఆ ఇల్లు ఎంత బాగుండేదో నేను చెప్పలేను.

ఇక్కడ నా ఘనకార్యం ఒకటి చెప్పాలి. టేపు రికార్డరు మోటారు వెనక చిన్న కన్నం ఉంటుంది. లోపల మర. సన్నటి స్క్రూడ్రైవరుతో దాన్ని ఇటు తిప్పితే టేపు వేగం పెరుగుతుంది, అటు తిప్పితే తగ్గుతుంది. బుద్ధున్న మెకానిక్కు అయితే తెలిసిన క్యాసెట్టు ఒకటి పెట్టి, గడియారం చూసి వేగం సరిచేస్తాడు. మనం పెద్ద మొనగాళ్ళం కదా, గడియారం ఎందుకు, చెవులున్నాయిగా. ఆ కొత్త క్యాసెట్టే పెట్టి, చెవికి ఎక్కడ తియ్యగా ఉంటే అక్కడ ఆపాను. అంతకుముందు ఎన్నడూ వినని పాట. అసలు వేగం ఎంతో నాకేం తెలుసు? ఐదు నిమిషాల పాట మా ఇంట్లో ఐదున్నర నిమిషాలు పాడేది. వేగం తగ్గితే గొంతు కూడా కిందికి దిగుతుంది. మేమిద్దరం మురిసిపోయిన ఆ నిండు గొంతు నేను తిప్పిన మరలోంచి వచ్చిందే.

రెండేళ్ళు అక్క ఆ పాటని ఆ నడకలోనే పాడింది. ఆ నడకలోనే ప్రెస్సంతా ఫారాలు మడిచింది.

అప్పుడు ఒక ఆర్కెస్ట్రావాళ్ళు మా ఊరొచ్చారు. ఊరూరా స్టేజీల మీద సినిమా పాటలు పాడేవాళ్ళు. వాళ్ళ గాయని మానేసిందట, కొత్త గొంతు కావాలి, పాడగలిగినవాళ్ళు రావచ్చు అని కరపత్రం వేశారు. ఆ కరపత్రం అచ్చయింది అక్క పనిచేసే ప్రెస్సులోనే. మేస్త్రీ ఒకటి తెచ్చి అక్క ముందు బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడట. అక్క దాన్ని మడిచి రవికలో దోపుకుని ఇంటికొచ్చింది. ఆ రాత్రి అన్నంలో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. నేనూ తినేసి ఏమీ అనలేదు.

పరీక్ష పెట్టింది టౌను హాల్లో. అక్క గంజి పెట్టిన చీర కట్టుకుంది. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. ఆర్కెస్ట్రా మాస్టారు పెద్దవాడు, మంచివాడు. ఏ పాట పాడతావు తల్లీ అని అడిగితే అక్క మా పాట చెప్పింది. ఆయన ముఖం వెలిగిపోయింది. ఈ పాట అడిగిన మనిషి ఇన్నేళ్ళలో నువ్వొక్కదానివే అన్నాడు. ఆ పాటంటే ఆయనకీ ప్రాణమట. తన మనుషులకి ఎప్పుడో నేర్పించి పెట్టుకున్నాడు, అడిగేవాళ్ళే లేరు. అది విని, అయిపోయింది, అక్కకి ఉద్యోగం వచ్చేసింది అనుకున్నాను.

వేణువు మొదలైంది. అదేంటి ఇంత హడావిడిగా వాయిస్తున్నాడు అనుకున్నాను. డోలకు అందుకుంది. అక్క తన నడకలో, తన శ్రుతిలో ఎత్తుకుంది. వాళ్ళ శ్రుతికి అక్క శ్రుతి కిందుంది. అక్క ఒక మాట పలికేలోపు డోలకు రెండో మాట దగ్గరికి వెళ్ళిపోయేది. అందుకోవాలని పరిగెత్తింది, మళ్ళీ వెనకబడింది. ఆపి మళ్ళీ మొదలుపెట్టించారు. మళ్ళీ అంతే. మూడోసారి డోలకువాడు నవ్వాపుకోలేక తల పక్కకి తిప్పుకున్నాడు. పరీక్షకొచ్చి వరసలో కూర్చున్న మిగతావాళ్ళు ఆపుకోలేదు. మాస్టారే స్టేజీ దిగి వచ్చి అక్క భుజం మీద చెయ్యి వేశాడు.

"గొంతు బంగారం తల్లీ. కాని తాళం లేదు. అది నేర్పితే వచ్చేది కాదు, పుట్టుకతో రావాలి. ఏమీ అనుకోకు."

తిట్టినా బాగుండేది. ప్రేమగా చెప్పాడు కనక అక్క నమ్మేసింది.

ఇంటికి నడిచే వచ్చాం. దారిపొడుగునా నేను వాళ్ళని దుమ్మెత్తిపోస్తూనే ఉన్నాను, వాళ్ళకే పాట రాదు, దౌడు తీస్తున్నారు అని. మర్నాడు పొద్దున్న అది రుజువు చేద్దామని మా క్యాసెట్టు జేబులో వేసుకుని దుకాణానికి వెళ్ళాను. ఎవరో కొత్త టేపు డెక్కు ఒకటి చూడమని ఇచ్చి వెళ్ళారు, అట్టపెట్టె కూడా సరిగా విప్పనిది. దాంట్లో పెట్టాను. వేణువు వచ్చింది. అచ్చం టౌను హాల్లో వాయించినట్టే. డోలకు, అచ్చం అదే. ఆడగొంతు సన్నగా, చురుగ్గా, ఎవరో చిన్నపిల్ల పాడుతున్నట్టు. మళ్ళీ పెట్టాను. గోడ మీద గడియారం చూసుకుంటూ మళ్ళీ పెట్టాను. ఐదు నిమిషాలు. మా ఇంట్లోకన్నా అర నిమిషం తక్కువ.

అక్కకి తాళం లేకపోవడమేంటి? నా పెట్టె నేర్పిన తాళం పొల్లుపోకుండా నేర్చుకుంది.

ఆర్కెస్ట్రావాళ్ళు ఇంకో రెండు రోజులు ఊళ్ళోనే ఉన్నారు. వెళ్ళి చెప్పొచ్చు. రెండో రోజు వాళ్ళు దిగిన లాడ్జి దాకా వెళ్ళాను కూడా. ఎదురుగా నిలబడ్డాను. డోలకువాడు మేడ మీద బనీను ఆరేసుకుంటున్నాడు. అలా చూస్తూ చూస్తూ వెనక్కి వచ్చేశాను. ఎందుకు చెప్పలేదంటే చాలా కారణాలు చెప్పుకున్నాను. నా మొదటి పెట్టె, నలుగుర్లో పరువు పోతుంది, మా దుకాణం ఓనరు పనిలోంచి తీసేస్తాడు, ఇలాంటివి. అన్నీ సాకులే. అసలు సంగతి వేరు. చెబితే అక్క వాళ్ళతో వెళ్ళిపోతుంది. అమ్మ లేని ఇల్లు ఎలా ఉంటుందో ఒకసారి చూశాను. అక్క కూడా లేని ఇల్లు చూసే ధైర్యం నాకు లేకపోయింది. ఇరవయ్యేళ్ళవాణ్ణి, మీసం వచ్చినవాణ్ణి, ఒంటరిగా ఉండాలంటే భయమేసి అక్క బతుకు ఆపేశాను.

అప్పటినుంచి అక్క ప్రెస్సులో పాడలేదు. అడిగీ అడిగీ వాళ్ళూ ఊరుకున్నారు. ఇంట్లో మాత్రం తలుపేసుకుని, ఆ పెట్టె పెట్టుకుని, దానితో కలిసి లోగొంతుకలో పాడుకునేది. ఒకసారి నేను లోపలికి రావడం చూసి సిగ్గుపడింది.

"దీనితో తప్పనురా. మనుషులతోనే తప్పుతాను," అంది.

అన్నం తిని దుకాణానికి వెళ్ళిపోయాను.

తర్వాత అక్కకి పెళ్ళయింది. బావ ఆ ప్రెస్సులోనే కాగితాలు కోసే మిషను మీద ఉండేవాడు. ఇవాళ ఒక మాట మాట్లాడితే రెండోది రేపు మాట్లాడే మనిషి. అక్కని బాగా చూసుకున్నాడు. కాపురం మా రెండు వీధుల అవతలే. అంటే అక్క నన్ను వదిలి ఎక్కడికీ వెళ్ళలేదు. నేను కోరుకున్నదే జరిగింది. పెట్టె కూడా అక్కతోనే వెళ్ళింది. రెండు మూడేళ్ళకోసారి రబ్బరు బెల్టు తెగేది, టేపుని లాగే రోలరు గట్టిపడేది, అక్క గుడ్డలో చుట్టి దుకాణానికి తెచ్చేది. అప్పటికి దుకాణం నాదయింది, నాకు నిజంగానే పని వచ్చు. అంతా శుభ్రం చేసి, కొత్త బెల్టు వేసి, చివర్లో మోటారు మరని మళ్ళీ తప్పు చోటికి తిప్పేవాణ్ణి. ఆ తప్పు చోటు ఎక్కడో మర్చిపోకుండా గోళ్ళరంగుతో చుక్క కూడా పెట్టుకున్నాను. బాగుచేసిన వస్తువుని కూర్చుని చెడగొట్టి ఇచ్చే మెకానిక్కు భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. పైగా అక్క అందరికీ చెప్పేది, మా తమ్ముడి చెయ్యి పడితే ఎన్నేళ్ళయినా అదే గొంతు అని.

మేనకోడలికి పదేళ్ళప్పుడు బళ్ళో పాటల టీచరు దాన్ని ఎంచుకుంది. అక్క బడికి వెళ్ళి మరీ పేరు తీయించేసింది. మా వంశంలో తాళం లేదండీ, పిల్ల నలుగుర్లో నవ్వులపాలవుతుంది అని చెప్పిందట. పిల్ల నా దగ్గరికొచ్చి ఒళ్ళో తలపెట్టి ఏడ్చింది. మావయ్యా, నువ్వైనా అమ్మకి చెప్పు అంది. నేను దాని తల నిమిరి, అమ్మ మాట విను అన్నాను. చూశారా ఎంత చక్కగా అన్నానో.

ఆ పిల్ల పెద్దదై ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేసే ఉద్యోగంలో చేరాక, ఒకరోజు ఆ సినిమా పాటలు ఫోన్లో దొరికాయని పరిగెత్తుకుంటూ వచ్చి తల్లికి వినిపించింది. అక్క అర నిమిషం విని, తీసెయ్యవే, ఈ ఫోన్లకి అన్నిటికీ తొందరే అంది. అయినా అనుమానం వచ్చి నన్ను అడిగింది, ఎందుకురా అలా ఉంది అని. ఎవడో తెలివితక్కువవాడు వేగం పెంచి ఎక్కించాడక్కా అన్నాను. రెండో అబద్ధం. మొదటిదాని కన్నా సులువుగా వచ్చింది.

బావ పోయిన ఐదేళ్ళకి అక్క కుడి చెవి పోయింది. కిందటేడు ఎడమది కూడా తగ్గడం మొదలుపెట్టింది. చెవి డాక్టరు పరీక్షలన్నీ చేసి, లోపలి నరం చచ్చిపోతోంది, మిషను పెట్టినా లాభం ఉండదు, వినికిడి ఐదారు నెలలు ఉంటే ఉంటుంది అన్నాడు. మేనకోడలు బయటికొచ్చి గోడవైపు తిరిగి నిలబడిపోయింది. అక్క మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు చెప్పులేసుకుని, పదండి, పొయ్యి మీద పాలు పెట్టొచ్చానేమో అంది.

మర్నాడు పెట్టె గుడ్డలో చుట్టుకుని నా ఇంటికే వచ్చింది. నేను దుకాణం మూసేసి చాలా ఏళ్ళయింది. ఆ పెట్టె మూగపోయి కూడా ఏడెనిమిదేళ్ళయింది.

"చెవి ఉండగానే ఆ పాట వినాలిరా. ఈ ఒక్కసారికీ సరిగ్గా బాగుచెయ్యి," అంది.

సరిగ్గా. అక్క మామూలుగానే అంది. ఎవరైనా అంటారు ఆ మాట. నాకు మాత్రం గోళ్ళరంగు చుక్క గుర్తొచ్చింది.

విప్పాను. బెల్టు కరిగి తారులా అంటుకుపోయింది. గీకి తీశాను. స్పిరిట్‌తో టేపుని చదివే హెడ్డు తుడిచాను. పాత సామాన్ల డబ్బా వెతికి బెల్టు పట్టుకున్నాను. క్యాసెట్టులో టేపుని హెడ్డుకి నొక్కి పట్టే చిన్న స్పాంజి ముక్క ఊడిపోతే జిగురు పెట్టి అతికించాను. అన్నీ అయ్యాక మోటారు వెనక కన్నం మిగిలింది. గోళ్ళరంగు చుక్క ఇంకా అలాగే ఉంది. చుక్క దగ్గర ఆపితే అక్క తన పాట విని తృప్తిపడుతుంది. ఐదారు నెలల తర్వాత ఇక తెలిసే దారే ఉండదు. నా గుట్టు నాతోనే పోతుంది. చుక్క దాటించానంటే అంతా చెప్పాలి. స్క్రూడ్రైవరు పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. చుక్క దగ్గర ఆపడం ఎంత సులువో చూసి నా మీద నాకే అసహ్యం వేసింది. గడియారం ముందు పెట్టుకుని సరిగ్గా తిప్పాను.

సాయంత్రం అక్క ఇంట్లో, ఎడమ చెవి దగ్గరగా పెట్టె పెట్టి, బటను నొక్కాను. అక్క కళ్ళు మూసుకుంది. వేణువు వచ్చింది. కళ్ళు తెరిచింది.

"ఇదేంట్రా, ఫోన్లోదానిలా ఉంది?"

డోలకు మొదలైంది. అక్క చెయ్యి నా మోకాలి మీద పడింది.

"ఆ రోజు వాళ్ళు ఇలాగే వాయించారు," అంది.

అప్పుడు చెప్పాను. అక్కకి సరిగా వినపడదు కదా, అరిచి చెప్పాల్సి వచ్చింది. నలభై ఏళ్ళు కడుపులో దాచుకున్న మాటని గొంతు చించుకుని, వీధి వీధంతా వినేలా చెప్పాను. మర సంగతి, కొత్త డెక్కు సంగతి, లాడ్జి సంగతి. సగం అర్థమై సగం కాక, ఇంకొంచెం గట్టిగా చెప్పు అంటుంది. మళ్ళీ చెప్పాను. పక్కింటావిడ కిటికీలోకి వచ్చి నిలబడింది. నిలబడనీ అనుకున్నాను.

"అయితే నాకు తాళం ఉందా?"

"ఉందక్కా."

"నీకెప్పుడు తెలుసు?"

"మర్నాడే."

అక్క చెయ్యి చాచి పెట్టె ఆపేసింది. ఏడుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొడితే ఎంత బాగుండేదో.

"పిల్లని కూడా పాడనివ్వలేదు కదరా," అంది. తర్వాత, "ఇంటికెళ్ళు" అంది.

పదకొండు రోజులు నన్ను గడప తొక్కనివ్వలేదు. మేనకోడలు వచ్చి చెప్పింది, అమ్మ తనని కూర్చోబెట్టి, బళ్ళో పేరు తీయించినందుకు చేతులు పట్టుకుని ఏడ్చిందని. నన్నేమీ అనలేదు ఆ పిల్ల. నేను పోసిన టీ తాగకుండా వెళ్ళిపోయింది. పన్నెండో రోజు అక్క కబురు పెట్టింది. వెళ్ళాను. నువ్వేం మాట్లాడకు, పాట పెట్టు చాలు అంది. ఎలా పెట్టమంటావు, మన వేగంలోనా అని చేత్తో అడిగాను. సరైన వేగంలోనే అంది.

అరవై ఐదేళ్ళ మనిషి చిన్నపిల్లలా కూర్చుని ఆ పాట మొదటినుంచి నేర్చుకుంది. నేర్చుకోవడం కన్నా పాతది మర్చిపోవడం కష్టమైంది. పల్లవి పట్టు దొరికేది, రెండో చరణం దగ్గరికొచ్చేసరికి నలభై ఏళ్ళ అలవాటు కొంగు పట్టి లాగేది, వెనకబడిపోయేది. నా మీద విసుక్కునేది, మళ్ళీ పెట్టు, ఏం చూస్తున్నావు అని. రోజూ సాయంత్రం వెళ్ళేవాణ్ణి. మొదట్లో పెట్టె చెవికి జానెడు దూరంలో ఉండేది. తర్వాత చెవికి ఆనించుకుంది. నాలుగో నెలలో ఆడగొంతు వినపడటం లేదంది, డోలకు మాత్రం తెలుస్తోందంది. ఐదో నెలలో అదీ పోయింది. స్పీకరు మీద అరచెయ్యి పెట్టుకుని అదురు పట్టుకునేది. గొంతు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ మాస్టారు బంగారం అన్న గొంతు, అంచులు అరిగినా అదే గొంతు.

కిందటి గురువారం వెళ్ళేసరికి తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని కూర్చుని ఉంది. ఇవాళ మొత్తం పాడతాను, ఆపకు అంది. బటను నొక్కాను. వేణువు అయ్యేదాకా అరచెయ్యి స్పీకరు మీదే ఉంచింది. డోలకు అదురు అందగానే చెయ్యి తీసేసి, కళ్ళు మూసుకుని ఎత్తుకుంది. పల్లవి కలిసింది. మొదటి చరణం కలిసింది. రెండో చరణంలో రెండు మాటలు పాడిందో లేదో, కరెంటు పోయింది.

పంకా ఆగింది. పెట్టె ఆగింది. అక్క ఆగలేదు. తనకి ఎలా తెలుస్తుంది? పాడుతూనే ఉంది. ఎప్పుడూ వెనకబడే చోటికి వచ్చింది. నేను మోకాలి మీద తాళం వేస్తున్నాను, ఆ పాట నాకూ ఈ ఐదు నెలల్లో నరాల్లోకి ఎక్కింది. దాటేసింది. వెంట్రుకంత కూడా జారలేదు. చివర పల్లవి రెండుసార్లు, ఆఖరి మాట మీద సాగదీత, అన్నీ లెక్కతప్పకుండా పాడి ఆపింది. కళ్ళు తెరవలేదు. ముఖం చెమటతో తడిసి ఉంది.

సరిగ్గా అప్పుడే కరెంటొచ్చింది. నొక్కిన బటను నొక్కినట్టే ఉంది కనక పెట్టె ఆగిన చోటినుంచి రెండో చరణం అందుకుంది. అక్క కళ్ళు తెరిచే లోపు, కరెంటు పోయిన సంగతి తెలియకుండా, టక్కున ఆపేద్దామని చెయ్యి చాచాను. నలభై ఏళ్ళ అలవాటు నాకూ ఉంది కదా. ఎలాగో చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అక్క కళ్ళు తెరిచి నా వైపు చూసింది, తర్వాత పంకా వైపు. అది అప్పుడే తిరగడం మొదలుపెట్టింది. తర్వాత క్యాసెట్టు కిటికీలో ఇంకా తిరుగుతున్న చక్రాల్ని చూసింది.

"కరెంటు పోయిందా?" అంది.

తల ఊపాను. ఎక్కడ అని అడిగింది. రెండు వేళ్ళు చూపించాను, రెండో చరణం అని.

"అయితే మిగతాదంతా ఒక్కదాన్నే పాడానా? తప్పానా ఎక్కడైనా?"

లేదని తల అడ్డంగా ఊపాను. నమ్మలేదేమోనని కాగితం మీద రాసి చూపించాను, ఒక్క చోట కూడా తప్పలేదు అని. అక్క ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివింది. చేతులు ఊరికే ఉండవు కదా, దాన్ని మూడు మడతలు వేసి, గోటితో గీత గీసింది.

"ఆ రోజు కూడా వాళ్ళు వాయించకుండా నన్ను ఒక్కదాన్నే పాడమని ఉంటే సరిపోయేది కదరా," అంది.